రేవు బోర్డు మీద ప్రశ్నార్థకాలు

కాకినాడలోని ఒక చిన్న కంపెనీలో శశిభూషణ్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. పనిలో దిట్టే గాని, తెలియనిది ఇంకొకరిని అడగడమంటే అతనికి మహా నామోషీ. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇతను అమ్మనైనా అడిగే రకం కాదు.

చేపల రేవులో తుఫాను హెచ్చరికలు చూపించే పెద్ద బోర్డు ఒకటి ఉండేది. దాన్ని నడిపే ప్రోగ్రామును హైమావతి అనే సీనియరు రాసింది. ఆవిడ పై అంతస్తులో వేరే పనికి మారడంతో, అందులో ఒక చిన్న మార్పు చేసే బాధ్యత శశిభూషణ్‌కు వచ్చింది.

ఫైలు తెరవగానే తెలుగు హెచ్చరికలు ఉండాల్సిన చోట గజిబిజి గుర్తులు కనిపించాయి. కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే ఒప్పందాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. ఈ ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌లో తెరవాలో హైమావతి మొదటి వరుసలోనే రాసిపెట్టింది. శశిభూషణ్ ఆ వరుస చూశాడు గాని, అదెందుకో అర్థం కాలేదు. మెట్లెక్కి అడిగితే ఎక్కడ చులకనైపోతానో అనుకున్నాడు. ఆ గుర్తులేవో పాత చెత్త అని తేల్చేసి, తన మార్పు చేసి, తనకు అలవాటైన ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశాడు. అందులో తెలుగు అక్షరాలకు చోటే లేదు, వాటి బదులు ప్రశ్నార్థకాలు పడతాయి. ఇంగ్లిషులో ఒక మాట పంపి చూస్తే బోర్డు చక్కగా చూపించింది. పని అయిపోయిందనుకున్నాడు.

పదిహేను రోజులకు సముద్రంలో వాయుగుండం పుట్టింది. తెల్లవారగానే రేవు అధికారులు హెచ్చరిక పంపారు. బోర్డు నిండా ప్రశ్నార్థకాలు వరుస కట్టాయి. ఎల్లాజీ అనే జాలరి వాటిని చూసి, అల్లుడితో కలిసి మామూలుగానే పడవ దింపాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. బోర్డు మీద ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ లేవని, ఎల్లాజీ కూతురు రేవులో నిలబడి ఏడుస్తోందని ఆఫీసుకు కబురొచ్చింది. అప్పుడు శశిభూషణ్ పరుగున మెట్లెక్కాడు. హైమావతి తన దగ్గరున్న పాత ప్రతితో పది నిమిషాల్లో బోర్డును సరిచేసింది.

"ఆ రోజే వచ్చి అడిగి ఉంటే పోయేది కదయ్యా" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున ఒక పెద్ద బోటు మామా అల్లుళ్లను ఒడ్డుకు చేర్చింది. వాళ్ల పడవ ముక్కలైపోయింది. శశిభూషణ్ రేవుకు వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

"బోర్డు సెడిపోయిందనుకున్నాం బాబూ" అన్నాడు ఎల్లాజీ. "వద్దని ఒక్క ముక్క కనబడితే, కూతురి మొగుణ్ణి ఎక్కించుకుని పోతానా?"

నీతి: మనకు చదవడం రానంత మాత్రాన ఏ రాతా చెత్త కాదు. తెలియనిదాని మీద చెయ్యి వేసేముందు రాసినవారిని అడగాలి. అడిగితే పోయేది కాస్త బింకమే, అడగకపోతే పోయేది ఇంకొకరి ప్రాణం కావచ్చు.