బండమీద కోతి, బరిలో కుందేలు

అనగనగనగా, చెప్పేవారికి ఓపికా, ఊకొట్టేవారికి తీరికా ఉన్న రోజుల్లో, ఒక వాగుకు ఈవలా ఆవలా పరుచుకున్న అడవి ఒకటి ఉండేది. ఆ అడవిలో నేరేడుపళ్లు రాలే కాలం వచ్చిందంటే మరకపందేలు మొదలయ్యేవి.

మరకపందెం ఎరుగనివారికి రెండు మాటలు చెప్పాలి. జట్టుకు నలుగురు. అందరి దగ్గరా మగ్గిన నేరేడుపళ్లు. పొదలూ, పుట్టలూ, పడిపోయిన మొద్దులూ ఉన్న బరిలో దాక్కుంటూ, ఎదుటి జట్టువారిని వెతికి పట్టి పండుతో కొట్టాలి. ఒంటిమీద ఊదామరక పడినవారు బరి వదిలి, తమ జట్టు బండమీదికి వెళ్లి కూర్చోవాలి. ఎదుటివారందరికీ మరకలు పడేసరికి మరకలేని వారు ఒక్కరైనా మిగిలిన జట్టుదే గెలుపు. కొమ్మలమీద కూర్చుని చూసే పక్షులు కిక్కురుమనకూడదు. బండెక్కినవారు మాత్రం బరిలో మిగిలిన తమవారితో మాట్లాడవచ్చు. అది మంచి నియమమే. అయితే దాని మంచి అంతా వాడుకునేవారి నోటిలో ఉంది.

ఇది సరదాకు ఆడే ఆట కాదు. బాగా ఆడే జట్లను అడవి మొత్తం మేపేది. పొద్దున సాధన, సాయంత్రం పందెం, అదే వారి బతుకుతెరువు.

వాగుకు ఈవలిగట్టు జట్టుకు పెద్దదిక్కు తాబేలు అవ్వ. ఎవరు ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆవిడే. పొదలను చీల్చుకుని అందరికన్నా ముందు దూకేవాడు అడవిపంది మల్లన్న. అతని వెనక నిలబడి గురి చూసి కొట్టేవాడు కోతి కొండయ్య. నాలుగోది కుందేలు పూసమ్మ. ఆమెకు బలమూ లేదు, గొప్ప గురీ లేదు. ఉన్నవల్లా రెండు చెవులు. ఎండుటాకు మీద పురుగు పాకినా, అది ఏ పొద దగ్గరి ఆకో చెప్పగలదు.

అలాంటి పూసమ్మ, ఆవలిగట్టు జట్టుతో ఆడిన మూడు పందేల్లోనూ చివరికి ఒంటరిగా మిగిలింది. మూడింటిలోనూ వీపున మరక వేయించుకుంది.

మూడో ఓటమి తరువాత కొండయ్య ఊరుకోలేదు.

"చాటలంత చెవులున్నాయి కదా అని జట్టులో చేర్చుకున్నాం. వాటితో ఏం చేస్తున్నావమ్మా, గింజలు చెరుగుతున్నావా?"

"వినబడలేదు మామా," అంది పూసమ్మ.

"వాళ్ల జట్టు పిల్లి నీ తోకదాకా వచ్చింది. నేను గొంతు చించుకుని చెబుతూనే ఉన్నాను."

"ఏమని చెప్పావు?"

"అదిగో అక్కడ, అటు కాదు ఇటు, వెనక్కి చూడు, చూడకు పరుగెత్తు, అని చెప్పాను. ఇంతకన్నా ఎలా చెప్పాలి?"

"నేనూ చెప్పాను చెల్లెమ్మా," అన్నాడు మల్లన్న. "కుడివైపు అన్నాను. అంటే, నాకు కుడివైపు."

తాబేలు అవ్వ మెడ బయటికి చాచి నెమ్మదిగా అంది. "పూసమ్మ తల్లీ, కోపంతో అనడం లేదు. ఆవలిగట్టుతో ఇంకొక్క పందెమే మిగిలింది. అందులోనూ ఇలాగే అయితే నీ చోటు ఉడుముకు ఇవ్వక తప్పదు. జట్టు కడుపు కూడా చూడాలి కదా."

పూసమ్మ తల ఊపి అక్కడినుంచి వచ్చేసింది. జట్టు పోతే మేత పోతుంది. మేతకన్నా ముందు, తన చెవులు పనికిరానివన్న మాట అడవిలో నిలబడిపోతుంది. ఆ దిగులుతో వాగు ఒడ్డున రెల్లుగడ్డిలో ముడుచుకుని కూర్చుంది.

కాసేపటికి ఆవలిగట్టు జట్టు నీళ్లు తాగడానికి అక్కడికే వచ్చింది. ముందు నక్క పాపయ్య, అతని పక్కన అడవిపిల్లి వెన్నెల, వెనక ముంగిస అన్నదమ్ములిద్దరూ. గడ్డిలో ఉన్న కుందేలును వాళ్లు గమనించలేదు.

"రేపూ అంతే," అంటున్నాడు పాపయ్య. "ముందు కోతిని కొట్టండి. బండెక్కితే గాని అతనిలోని ప్రతిభ బయటపడదు."

"కుందేలును నేను మొదటే కొట్టేస్తాను కదా," అంది వెన్నెల. "ఆవిణ్ణి ఎందుకు మిగల్చడం?"

"పిచ్చిదానా, మొదట్లో బరి నిశ్శబ్దంగా ఉంటుంది. నువ్వు అడుగు తీసి అడుగు వేసేలోపు ఆవిడకు తెలిసిపోతుంది. అదే చివర్లో అయితే ముగ్గురూ బండమీద ఉంటారు, ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటారు. అప్పుడు మీరు సన్నాయి ఊదుకుంటూ వెళ్లినా ఆవిడకు వినబడదు."

"అయితే మామా, మెల్లగా నడిచే సాధన రేపు పొద్దున కూడా లేనట్టేనా?" అని పెద్ద ముంగిస ఆశగా అడిగింది.

"ఎందుకు నాయనా, కాళ్ల నొప్పులు కాకపోతే? మన అడుగుల చప్పుడును వాళ్ల నోళ్లే కప్పిపెడుతుంటే."

నవ్వుకుంటూ వాళ్లు వెళ్లిపోయారు. పూసమ్మ మాత్రం కదలలేదు. ఈ మాట వెంటనే వెళ్లి తమవాళ్లతో చెప్పవచ్చు. కానీ మూడుసార్లు ఓడినదాని నోట ఆ మాట సాకులాగే వినిపిస్తుంది. తప్పు మీ నోళ్లదంటే కొండయ్య ఎంతసేపు అరుస్తాడో ఆమెకు తెలుసు. అందుకని ఆలోచించి, ఆలోచించి, మరునాడు పొద్దున సాధన వేళకు వినయంగా వచ్చింది.

"అవ్వా, ఒక్క మనవి. చివర ఒంటరిగా మిగిలినప్పుడు ఎలా నిలబడాలో నాకు తెలియడం లేదు. కొండయ్య మామ ఒకసారి నిలబడి చూపిస్తే నేర్చుకుంటాను."

కొండయ్య ముఖం విప్పారింది. "అలా అడుగు. అడిగితే చెప్పనంటానా? ఇంతకీ నన్ను పట్టడానికి ఎవరు వస్తారు?"

"అవ్వ వస్తుంది."

మల్లన్న దొర్లి దొర్లి నవ్వాడు. కొండయ్య అంతకన్నా నవ్వాడు. "అవ్వ బయలుదేరిందని చెప్పండి, నేను ఒక కునుకు తీసి లేస్తాను."

కొండయ్య బరి మధ్యలో మొద్దు పక్కన నిలబడ్డాడు. చుట్టూ మోకాలెత్తు గడ్డి. అవ్వ ఆ గడ్డిలోకి దిగి కనబడకుండా పోయింది. పూసమ్మ, మల్లన్నను వెంటబెట్టుకుని బండెక్కి, అతని చెవిలో, "అన్నా, రోజూ చెప్పినట్టే చెప్పు," అంది. ఇక ఇద్దరూ అందుకున్నారు.

"అదిగో మామా, అక్కడ."

"అక్కడంటే ఎక్కడ?" అన్నాడు కొండయ్య.

"అటు కాదు, ఇటు."

"కుడివైపు కొండయ్యా, కుడివైపు. నీకు కాదు, నాకు."

"వెనక్కి చూడు మామా. చూడకు, పరుగెత్తు. పరుగెత్తకు, ఆగు."

కొండయ్య గిరగిరా తిరిగాడు. గడ్డిలో ఎక్కడో సరసరమన్నట్టు అనిపించి చెవి ఒగ్గాడు. అంతలో మల్లన్న మరో సలహా ఇచ్చాడు. "ఒక్కరు చెప్పండర్రా," అని అతను కసిరాడు. ఇద్దరూ ఒకేసారి, "సరే, నేను చెబుతాను," అన్నారు. అప్పుడే అతని కుడిపాదం మీద చల్లగా ఏదో చితికింది. వంగి చూస్తే నేరేడుపండు. దాని పక్కనే తాబేలు అవ్వ.

"వచ్చి కాసేపయింది నాయనా," అంది అవ్వ. "ఆయాసం తీరాక కొట్టాను."

కొండయ్యకు రోషం ముంచుకొచ్చింది. "బండమీద వాళ్లు కాసేపు నోరు మూసుకుంటే కదా, బరిలో ఉన్నవాడికి వినబడేది," అన్నాడు.

అన్నాక, ఆ మాట తనకే వినబడింది. మల్లన్న ఆకాశంలో మబ్బులను చూడసాగాడు. కొండయ్య తోక చివర గోక్కుంటూ, "మూడు పందేలూ నేనే ఓడించానా అమ్మాయ్?" అని అడిగాడు.

"ఒక్కడివే కాదులే మామా, అన్న కూడా ఓ చెయ్యి వేశాడు," అని, వాగు ఒడ్డున విన్నదంతా అప్పుడు చెప్పింది పూసమ్మ.

ఆ పూటంతా అవ్వ కొత్త పద్ధతి నేర్పింది. ముందుగా బరిలోని ప్రతి చోటుకూ ఒక పేరు పెట్టింది. పుట్ట, మొద్దు, వాగుగట్టు, ఈతపొద. "ఇకమీదట అక్కడా ఇక్కడా అనే మాటలు మన జట్టులో లేవు. మరకపడినవారు చెప్పవలసినవి మూడే. ఎవరు, ఎక్కడ, ఎటు. అవి చెప్పాక నోరు మూసుకోవాలి, ఇక పని బరిలో ఉన్నవారి చెవులది."

"మూసుకోవాలనే ఉంటుందవ్వా," అన్నాడు కొండయ్య దీనంగా. "కానీ చూస్తూ చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. నా నోరు నా మాటే వినదు."

"నీ బుగ్గల్లో ఎన్ని పళ్లు పడతాయి మామా?" అని అడిగింది పూసమ్మ.

"చిన్న కొమ్మకు కాసినన్ని."

"అయితే మూడు మాటలూ చెప్పి, బుగ్గలు రెండూ నింపుకో. పందెం అయ్యేదాకా నమలకూడదు."

"నోట్లో పెట్టుకుని నమలకూడదా?" కొండయ్య కళ్లు పెద్దవయ్యాయి. "శత్రువుకు కూడా ఇంత శిక్ష వేయరమ్మా." అయినా తల వంచి ఒప్పుకున్నాడు.

సాయంత్రం పందెం మొదలయింది. ఉడుము కూడా వచ్చి బరి అంచున నిలబడింది, పిలుపు వస్తుందేమోనని.

అవ్వ చెప్పినట్టే మల్లన్న ఈతపొదను చీల్చుకుని దూకాడు. అతన్ని చూసి ఉలిక్కిపడిన చిన్న ముంగిసను వెనకనుంచి కొండయ్య కొట్టేశాడు. మరుక్షణమే మొద్దు వెనకనుంచి ఒక పండు వచ్చి కొండయ్య రొమ్ముమీద చితికింది. పాపయ్య పథకం ప్రకారం కోతి బండెక్కింది. ఆవలిగట్టువాళ్లు చెవులు మూసుకోబోయారు.

"పిల్లి. మొద్దు వెనక. వాగుగట్టు వైపు," అన్నాడు కొండయ్య. గబగబా బుగ్గలు నింపుకుని కూర్చున్నాడు.

మల్లన్న పెద్ద ముంగిసకు మరక వేశాడు గాని, పిల్లి చేతిలో తానూ పడ్డాడు. "పిల్లి. వాగుగట్టు. మొద్దుకే తిరిగి వస్తోంది," అని చెప్పి బండెక్కాడు. కాసేపటికి అవ్వ డిప్ప మీద కూడా ఊదామరక పడింది. "నక్క. పుట్ట వెనక. కదలడం లేదు," అంది అవ్వ.

ఇక పూసమ్మ ఒంటరి. ఎదుట పిల్లి, నక్క.

బరి నిశ్శబ్దమయింది. పాపయ్యకు మొదట అది అర్థం కాలేదు. వెన్నెలకు అసలే అర్థం కాలేదు. అలవాటు ప్రకారం ఆమె ఎండుటాకుల మీదుగా ధీమాగా నడిచి వస్తోంది. ఒకప్పుడు ఆ అడవిలో అంత మెత్తగా నడిచేవారు లేరు. అవసరం లేక ఆ నడక మరిచిపోయింది. మొద్దు చాటున ఒదిగిన పూసమ్మ చెవులు రెండూ అటు తిప్పి, ఆకుల చప్పుడును మొద్దుదాకా రానిచ్చింది. పిల్లి మీసాలు మొద్దు పక్కనుంచి తొంగిచూడగానే వాటి మధ్యన పండు చితికింది.

వెన్నెల మూతి తుడుచుకుంటూ తమ బండెక్కింది. కోతి మళ్లీ అరిస్తే గాని లాభం లేదని పాపయ్య గ్రహించాడు. పుట్ట వెనక ఉన్నచోటే ఉండి, ఈవలిగట్టు బండవైపు గొంతెత్తాడు.

"కొండయ్య మామా, ఏమిటీ మౌనవ్రతం? మీ పిల్ల ఒంటరిగా దిక్కులు చూస్తోంది. ఒక్క మాట సాయం చేయలేవా?"

కొండయ్య బుగ్గలు అదిరాయి. మాట రాలేదు.

"పోనీలే, నీ గురి ఈ మధ్య తప్పుతోందట. ముంగిసలు చెప్పుకుని నవ్వుకుంటున్నాయి. నిజమేనా?"

కొండయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులా బండను చరిచాడు. మల్లన్న అతని తోకమీద కాలు వేసి గట్టిగా తొక్కిపట్టాడు.

"పాపయ్యా," అంది వెన్నెల తమ బండమీదినుంచి, "కుందేలు మొద్దు దాటింది."

"ఉండు వెన్నెలా, మామతో మాట్లాడుతున్నాను. ఏం మామా, నీ పళ్లు రాలిపోయాయా, నీ మాటలు రాలిపోయాయా?"

"పాపయ్యా, పుట్ట దగ్గరికి వస్తోంది. నీ వైపే."

"చూడు మామా, మా వెన్నెల ఎలా గోల చేస్తోందో. నువ్వేమో రాయిలా కూర్చున్నావు. మీ వాళ్లు నీ నోటికి తాళం వేశారా?"

"వెనక, పాపయ్యా."

"ఒక్క నిమిషం ఆగుతావా?" అని నక్క తన బండవైపు విసుక్కున్నాడు. అతని మెడ వెనక నేరేడుపండు చితికి, రసం వీపుదాకా కారింది.

కొమ్మలమీద ఇక ఊరుకోవలసిన పని లేకపోయింది. పక్షులన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. అవ్వ ఉడుమును దగ్గరికి పిలిచి, "నాయనా, నీకు ఇక్కడ ఎదురుచూపే మిగులుతుంది. పూసమ్మ ఎక్కడికీ పోవడం లేదు," అంది. కొండయ్య బుగ్గల్లోని పళ్లన్నీ ఒక్క గుటకలో మింగేసి, అప్పటిదాకా దాచిన మాటలన్నీ ఒకేసారి మొదలుపెట్టాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

పాపయ్య మరకతోనే వెళ్లి తనవాళ్ల పక్కన కూర్చున్నాడు. "నా వెనకకు వస్తుంటే ఒక్కరైనా చెప్పవద్దా?" అన్నాడు.

"మూడుసార్లు చెప్పాను," అంది వెన్నెల. "నీకు మాట్లాడే పని ఉంది, వినే పని లేదు."

జట్టులో ఉన్నవారు చెప్పవలసిన మాట చెప్పాలి, చెప్పాక వినేవారికి చెవి వదలాలి.

ఈ కథను నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ పేరిందేవమ్మ.