గురువుగారి ఎత్తుకు దించిన సీటు

ఈ సంగతి జరిగింది బత్తలపల్లిలోనా, రాప్తాడులోనా అన్నది ఇప్పుడు నేను నిశ్చయంగా చెప్పలేను. నాకు చెప్పిన పెద్దమనిషి రెండుమార్లు చెప్పారు. రెండుమార్లూ ఊరు మారింది. గురువుగారి మాటలు మాత్రం మారలేదనే నా నమ్మకం. అయితే ఆ నమ్మకమూ జ్ఞాపకం చేతిలోదే కదా. ఎంతవరకు నమ్మాలో చదివేవారే చూసుకోవాలి.

పురుషోత్తం అనంతపురంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు సర్వే పాఠాలు చెప్పేవాడు. భూమిని కొలవడం నేర్పేవాడు కనుక, కొలిస్తే ఏదైనా తేలుతుందని అతని విశ్వాసం. ఆ విశ్వాసం ఒక సైకిల్ దగ్గర చెదిరిపోయింది.

షుగరు వ్యాధి బయటపడి అతడు దిగులుతో మంచం పట్టినట్లైన రోజుల్లో, పొద్దున్నే తలుపు తట్టి సైకిల్ మీద రోడ్డెక్కించినవాడు ఖలీల్. అప్పట్లో ఖలీల్‌ది టైర్ల కొట్టు. తరువాత ధైర్యం చేసి, సన్నని టైర్లు, వంపు హ్యాండిళ్ళు ఉండే తేలికపాటి రోడ్ బైకుల షాపు పెట్టాడు. జనం వచ్చి ఎక్కి చూసేవారు, దిగి వెళ్ళిపోయేవారు. కొనడం మాత్రం ఫోన్లలో.

పురుషోత్తానికి ఉన్నది బరువైన పాత గేర్ల సైకిల్. దాన్ని మార్చి రోడ్ బైకు కొనాలనుకున్నాడు. ఖలీల్ సంబరపడి, షాపులో స్టాండుకు బిగించిన సైకిల్ ఎక్కించి, కాలు, చేయి, నడుము కొలతలన్నీ సాయంత్రమంతా తీశాడు. తీరా చూస్తే ఆ కొలతకు తగిన సైజును కంపెనీ ఈ ప్రాంతానికి పంపడం మానేసింది. షాపులో ఉన్నది ఒక సైజు పెద్దది.

"హ్యాండిల్‌ను పట్టి ఉంచే కాడ పొట్టిది వేస్తా. నీకు సరిపోతుందన్నా," అన్నాడు ఖలీల్.

అది స్నేహితుడి మాటా, షాపువాడి మాటా? పురుషోత్తానికి తెలియలేదు. అడగడానికి నోరు రాలేదు.

ఇంటికి పోయి, అవే కొలతలను ఒక విదేశీ దుకాణం వెబ్‌సైటులో వేసి చూశాడు. సరిగ్గా తన సైజే ఉంది. ధర కూడా తక్కువ. కాని కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో తెలియదు. సరిపోకపోతే సముద్రం దాటించి తిప్పి పంపడం కాని పని. పైగా అది పెట్టెలో విడివిడి భాగాలుగా వస్తుంది; దాన్ని బిగించడం వచ్చినవాడు అతనికి తెలిసి ఆ ఊళ్ళో ఒక్కడే. వాడు ఖలీల్.

తెలిసినవారినీ తెలియనివారినీ అడిగాడు. తెప్పించుకొమ్మన్నవారు ఉన్నారు. తెప్పించుకొని తల పట్టుకున్నవారూ ఉన్నారు. ఇక్కడే కొని తల పట్టుకున్నవారు ఇంకొందరు. కార్టులో పెట్టేవాడు, తీసేసేవాడు. పరీక్ష పేపర్లు దిద్దాలన్న సాకుతో ఖలీల్‌తో ఆదివారం సవారీలు మానుకున్నాడు. ఫోను మోగితే పేరు చూసి పక్కన పెట్టడం మొదలైంది. తనను మంచం మీది నుంచి లేపిన మనిషి ఒక సైకిల్ వల్ల దూరమవుతున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది; ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

అతని గురువు ఓబులప్ప. గురుబోధే ప్రధానమైన అచల మార్గంలో ఉన్న గృహస్థు, వయసులో మగ్గం నేసినవాడు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. సలహా ఎవరైనా, ఎప్పుడైనా అడగవచ్చు. ఆజ్ఞ కావాలన్నవాడు మాత్రం ముందుగా టెంకాయ కొట్టాలి. కొట్టాక గురువు ఏమన్నా దాటరాదు. అందుకే పెండ్లి సంబంధాలకూ పొలం పంపకాలకూ కూడా జనం సలహాతోనే సరిపెట్టుకునేవారు.

పురుషోత్తం టెంకాయతో వచ్చాడు. కొట్టాడు.

విషయమంతా విని, లోపలి నుంచి గురుపత్ని నరసమ్మ నవ్వింది. "సైకిలు కోసరం టెంకాయ కొట్టినోణ్ణి ఇప్పుడే చూస్తాండా! ఇంగ చెప్పుల జతకు మేకపోతును తెస్తాడేమో!"

గురువు నవ్వలేదు.

"ఏం కావాలప్పా?"

"ఆజ్ఞ కావాల సామీ. బయటి దేశం నుంచి తెప్పించుకునేదా, ఖలీల్ దగ్గరే కొనేదా? మీరేదంటే అదే."

"ఇదంతా ఆ ఖలీల్‌కు తెలుసునా?"

"తెలీదు సామీ."

"బయటి నుంచి తెప్పించుకో అన్నాననుకో. అతనితో ఏమని చెప్తావు?"

"మా గురువుగారి ఆజ్ఞ అని చెప్తా."

"అతని దగ్గరే కొను అన్నాననుకో. ఆ పెద్ద సైకిలు ఎక్కినప్పుడల్లా ఎవరిని తల్చుకుంటావు?"



గురువు పంచె ఎగగట్టి లేచాడు. "ఏదీ, నీ బండి ఇట్లా తే."

గోడకు ఆనించిన పాత సైకిల్‌ను పురుషోత్తం వాకిట్లోకి తెచ్చాడు. గురువు పొట్టి మనిషి. సీటు ఎక్కితే కాలి బొటనవేలు కూడా పెడలుకు అందలేదు.

"దించు."

పురుషోత్తం సంచిలోంచి పానా తీసి సీటు దించాడు.

"ఇంకా దించు."

ఇంక దిగడానికి చోటు లేనంతవరకు దించాడు. గురువు ఎక్కి వాకిలంతా చుట్టు తిరిగాడు. కోళ్ళు చెదిరిపోయాయి. ముఖంలో చిన్నపిల్లవాడి సంతోషం.

"పడితే కట్టు కట్టేది నేనే! దిగి రాండి!" అని నరసమ్మ కేక వేసింది.

ఆయన దిగి, సైకిల్‌ను శిష్యుడి చేతికిచ్చాడు. పురుషోత్తం సీటు పైకెత్తడానికి మళ్ళీ పానా తీశాడు.

"ముట్టొద్దు."

"సామీ?"

"ఆజ్ఞ అడిగితివి గదా. ఇదే ఆజ్ఞ. ఇట్లే పో."

"ఇది మీ ఎత్తు సామీ. నా మోకాళ్ళు..."

"అవును, నా ఎత్తే. నువ్వడిగిందీ అదే గదా," అని గురువు లోపలికి వెళ్ళిపోయాడు.

 కొట్టిన టెంకాయ చిప్పలు నరసమ్మ లోపలికి తీసుకుపోయింది. ఇంక చేసేదేమీ లేక పురుషోత్తం బయలుదేరాడు.

పెడలు తొక్కిన ప్రతిసారీ మోకాలు ఛాతీ దాకా వచ్చి పోతోంది. తొడలు మండుతున్నాయి. వేరుసెనగ మూటల లారీ మీది నుంచి ఎవరో అరిచారు: "ఏం సారూ, కొడుకు సైకిలు ఎత్తుకొస్తివా?"

అతడు ఆ మాట పట్టించుకోలేదు. లోపల మనసు లెక్కలు కడుతోంది. సీటు దించడం అంటే ఆశ తగ్గించుకొమ్మనా? అట్లయితే ఇక్కడే కొనాలి. ఎత్తు సరిపోని సైకిల్‌తో బాధ ఇట్లా ఉంటుందని చూపడమా? అట్లయితే సరైన సైజే తెప్పించుకోవాలి. ఒక మైలు ఇటు అనిపించింది. మరుసటి మైలు అటు. రెండు అర్థాలూ పొసిగాయి. రెండూ నిలవలేదు. ఇది శిక్షేమో, పరిహాసమేమో, అసలు ఏ అర్థమూ లేదేమో అని కూడా తోచింది.

ఒకచోట దిగి, సంచి మీద చేయి వేశాడు. చూసేవారెవరూ లేరు. పానా తిప్పితే క్షణంలో సీటు తన ఎత్తుకు వస్తుంది. చేయి అట్లాగే కొంతసేపు ఉంది. తరువాత మళ్ళీ ఎక్కాడు.

ఊరు వచ్చింది. ఇంటికి ఎడమకు తిరగాలి. ఖలీల్ షాపు నేరుగా ఉంది. మలుపులో ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. ఇట్లే పో అన్నారు గాని, ఎక్కడికో అనలేదు. వెనుక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. పురుషోత్తం నేరుగా పోయాడు.

ఖలీల్ ఒక చక్రం సరిచేస్తూ తలెత్తి చూశాడు.

"ఏమన్నా, పేపర్లన్నీ దిద్దినావా? ఈసారి రాష్ట్రమంతా నువ్వే దిద్దినట్టుందే," అంటూ లేచి వచ్చి, సీటు చూసి ఆగిపోయాడు. "యా అల్లా, ఎవరు దించినారు దీన్ని? ఇట్లనే తొక్కుకుంటా వచ్చినావా? మోకాళ్ళు ఉన్నాయా, దారిలో పడిపోయినాయా? పట్టుకో, పైకెత్తుతా."

పురుషోత్తం సీటు మీద చేయి పెట్టాడు.

"ఆగు ఖలీల్. ముందు ఒక మాట చెప్పాల."

ఖలీల్ పానా పట్టుకొని ఆగాడు.

"నువ్వు తీసిన కొలతలు పెట్టి, బయటి దేశం షాపులో సైకిలు చూసుకున్నా. ఎవరో చెప్తే కాదు, నేనే. వస్తే నీ చేతనే బిగించుకుందామని కూడా అనుకున్నా."

 ఖలీల్ వదిలి వచ్చిన చక్రం తిరిగి తిరిగి తనంతట తానే ఆగింది.

"అందుకేనా ఆదివారాలు రాకపోతివి?"

"అందుకే."

"నేనింకా షుగరు తిరగబెట్టిందేమో అనుకుంటి. ఇంటికి రావాలంటే భయమాయె."

 ఇన్నాళ్ళూ ఎందరినో అడిగి, ఈ ఒక్కరినీ అడగని ప్రశ్న పురుషోత్తం అప్పుడు అడిగాడు.

"ఆ పెద్ద సైజు... నిజం చెప్పు ఖలీల్. నాకు సరిపోతుందా?"

ఖలీల్ అతని ముఖం వంక చూశాడు. పానా బల్ల మీద పెట్టాడు. కుర్చీ ఇవతలికి లాగి, "కూర్చో అన్నా," అన్నాడు.

ఖలీల్ ఏం చెప్పాడో, పురుషోత్తం చివరికి ఏ సైకిల్ ఎక్కాడో నాకు చెప్పారు. ఆ రెండూ ఇక్కడ కావాలనే రాయలేదు.