ఏట్లో కన్నెమ్మ

...అదే చెప్పేదానికి వస్తా ఉండా సుగుణ వదినా, ఇంతసేపు చుట్టూ తిప్పినానని విసుక్కోవద్దు. మొన్న అడిగితివే, మా కుప్పయ్య మేస్త్రి ఎట్లాంటాయన, ఏం నేర్పిస్తాడు అని. ఈ ఒక్కటి విను, చాలు.

ఆయన దగ్గర వల్లి అని ఒక పిల్ల ఉండాది. పిల్లంటే పిల్ల కాదులే, ముప్పై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా కలంకారీ నేర్చుకుంటా ఉండాది. గీత గీసిందంటే వంక పెట్టలేము.

పోయిన నెల పట్నం నించి ఒక సంఘం వాళ్ళు వచ్చినారు. చేతిపని చేసేవాళ్ళకి న్యాయమైన ధర ఇచ్చేవాళ్ళు. ఒక్కో గుడ్డకి ఎవరెవరు పని చేసినారో పేర్లు రాసియ్యమన్నారు. పేరున్న వాళ్ళకి ధరలో వంతు, ఆసుపత్రి కార్డు. పేరు లేకపోతే ఏమీ లేదు.

రాసే పని వల్లికి చెప్పినాడు మేస్త్రి. బొమ్మ గీసేవాళ్ళని రాసింది, రంగు నింపేవాళ్ళని రాసింది, ఎరుపు ఉడకబెట్టేదాన్నని నన్నూ రాసింది.

మేస్త్రి కాగితం చూసి, "కన్నెమ్మ?" అన్నాడు.

కన్నెమ్మ మా గుడ్డలు ఏట్లో జాడించే ఆమె. అరవై దాటినాయి.

"ఆమె నిలబడేదే కదా మేస్త్రీ," అనింది వల్లి. "ఏరే ఉతుకుతుంది, ఈమె కొస పట్టుకుంటుంది. అట్లయితే ఒడ్డున గుడ్డ కట్టే గుంజ పేరు కూడా రాయాల."

నేనూ నవ్వినాను వదినా, అబద్ధమెందుకు.

కన్నెమ్మ ఆడనే కరక్కాయలు దంచుతా ఉండాది. తలెత్తకుండానే, "గుంజకి మోకాళ్ళ నొప్పులు రావులే పాపా," అనింది.

మేస్త్రి కాగితం మడిచి వల్లికే ఇచ్చేసినాడు.

మరుసటి పొద్దున ఏటికి పోయినాము. ఆ రోజు ఉతకాల్సింది వల్లి గుడ్డే. రెండు నెలల పని. ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్ళు పెట్టుండాది. ఎక్కువైన పటికంతా పారే నీళ్ళలో పోవాల. పోలేదంటే, ఎర్రరంగు గంగాళంలో వేసి ఉడికించేటప్పుడు తెల్లగా ఉండాల్సిందీ ఎర్రబడి పోతుంది. ఇంక దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

"కన్నెమ్మా, ఈ పొద్దు నువ్వు కూర్చో," అన్నాడు మేస్త్రి. వల్లిని చూసి, "నువ్వు దిగు. చాలనిపించినప్పుడు తీసుకురా."

దిగింది. మంచు ఇంకా విడవలేదు వదినా. అవతలి గట్టే కనపడలేదు. ఏరు యాడ మొదలో, తెల్లదనం యాడ మొదలో తెలీలేదు. ఆ మధ్యలో ఆరు గజాల గుడ్డ పరుచుకోని, దాని మీద గీసిన ఏనుగులు, నెమళ్ళు మెల్లగా కదలతా ఉండాయి. నీళ్ళ కింద ఇంకో ఊరేదో ఉండి, అవన్నీ ఆడికి పోతా ఉన్నట్టు. ఎంతసేపు చూసినానో నాకే తెలీదు.

వల్లి ఒడ్డుకొచ్చింది. "అయింది మేస్త్రీ."

"ఎట్లా తెలిసింది?"

"నీళ్ళు తేటగా వస్తా ఉండాయి కదా."

మేస్త్రి నా వైపు తిరిగి, "గంగాళంలో వెయ్యమ్మా," అన్నాడు.

గుడ్డ నా చేతిలోకొచ్చింది. పొయ్యి ఆడనే ఒడ్డు మీద మండతా ఉండాది. నాలుగడుగులు.

అప్పుడు లేచింది కన్నెమ్మ. మోకాళ్ళు పట్టుకోని, గుంజని పట్టుకోని లేచి, నాకు అడ్డమొచ్చింది. గుడ్డ కొస తీసుకోని నాలిక మీద పెట్టుకునింది.

"వగరు ఉండాది. ఇంకా పోలేదు పాపా."

అంతే. ఇంకెవరినీ అడగలేదు. గుడ్డ భుజాన వేసుకోని ఏట్లోకి దిగిపోయింది.

వల్లి మొహం చూడాల్సింది నువ్వు. తనూ దిగి రెండో కొస పట్టుకునింది. మంచు విడిచింది, ఎండ వచ్చింది, ఇసక మెరిసింది. మధ్య మధ్యలో కన్నెమ్మ కొస నాలిక మీద పెట్టుకుంటుంది, తల అడ్డంగా ఊపుతుంది. ఎప్పుడో చాలాసేపటికి, కొస వల్లి నోటి దగ్గరికి తెచ్చింది.

"చూడు."

వల్లి చూసింది. "వగరేమీ తెలీలేదే."

"ఆ, అదే. ఇప్పుడు గంగాళం కాడికి తీసకపో."

వల్లి తడి కోకతోనే వచ్చి ఇసకలో కూర్చుని, సంచిలో నించి ఆ కాగితం తీసింది. కన్నెమ్మ పేరు రాసింది. పక్కన 'చేసే పని' అని ఒక గడి ఉండాది. ఆడ కలం ఆగిపోయింది.

"ఏమని రాసేది మేస్త్రీ?"

మేస్త్రి పొయ్యిలోకి ఒక కట్టె తోసినాడు.

"ఇప్పటికి పేరు చాలు. నాలుగేళ్ళు ఆమె దగ్గర నేర్చుకో. పని అప్పుడు రాద్దువు."

నాకు ఏమనిపించిందంటే వదినా, మనమంతా... ఆఁ? ఏందే వల్లీ? గంగాళం పొంగతా ఉందా? మంట తియ్ మే, వస్తా ఉండా, వస్తా ఉం—