బొట్టు పెట్టినదల్లా

సోమశివాచార్యులవారికి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేత ఏదో ఒక చాకిరీ చేయించి ఊరుకునేవారు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన పాత శిష్యుడు బొప్పన మంత్రి ఆశ్రమానికి వచ్చాడంటే అతని అవసరం అలాంటిది మరి.

యుద్ధంలో అమరగిరి గెలిచింది, వేములకోట ఓడింది. మర్నాడు ఓడినవారి రాయబారులు వచ్చి సంధిపత్రం మీద ముద్ర వేయాలి. పత్రం రాయించింది అమరగిరి మంత్రి బొప్పనే. అతని పెద్ద తమ్ముడు ఈ యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. చిన్న తమ్ముడికి ఇప్పుడిప్పుడే మీసాలు వస్తున్నాయి. ఇంకో యుద్ధమంటూ వస్తే వెళ్ళాల్సింది వాడే.

“స్వామీ, వాళ్ళు మళ్ళీ తలెత్తకూడదు. ఓడినవాడి దగ్గర ఎంతవరకు తీసుకోవచ్చు?” అని అడిగాడు బొప్పన.

ఆచార్యులవారు తాటాకులు అందుకుని చదివారు. ఆయుధాలన్నీ అప్పగించాలన్నది మొదటి షరతు. ఆయుధమంటే ఏదని రేపు పేచీ రాకుండా బొప్పన మహా తెలివిగా రాయించాడు: ‘ఆయుధపూజ నాడు బొట్టు పెట్టిన ప్రతి వస్తువూ’. వేములకోట ప్రజల యోగక్షేమాల బాధ్యత ఇకపై అమరగిరిదేనని కింద ఇంకో మాట కూడా చేర్చాడు, చదవడానికి దర్జాగా ఉంటుందని.

“దివ్యంగా ఉంది. అమలు చేసి చూద్దాం. నువ్వు గెలిచావు, నేను ఓడాను” అని ఆచార్యులవారు లేచి, వంటవాడు పేరయ్యను వెంటబెట్టుకుని, ఒక్కొక్కటే తెచ్చి బొప్పన ముందు పెట్టారు. గొడ్డలి, పార, రోకలి, కత్తిపీట, చివరికి తాము రాసుకునే గంటం. అన్నిటి మీదా దసరా నాటి కుంకుమ ఇంకా ఉంది.

“గరిటె కూడానా స్వామీ?”

“పేరయ్య దానికీ పెట్టాడు. చెబితే వినడు.”

ఆ తర్వాత గురువుగారు చాప వేసుకుని పడుకున్నారు. తనూ ఓడినవాడే కనుక పేరయ్య కూడా వసారాలో నడుం వాల్చాడు.

“ఆకలేస్తోంది నాయనా. మా యోగక్షేమాలు ఎవరి బాధ్యత?”

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి మొహం చూడని మంత్రిగారు కట్టెలు కొట్టారు, పొగకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, కత్తిపీట ముందేసుకుని వంకాయతో పాటు బొటనవేలూ కోసుకున్నారు. ఆచార్యులవారు తల తిప్పి చూసి, “ఓడింది మేము కదా, నెత్తురు నీదేమిటి?” అన్నారు.

ఎలాగో వడ్డించాడు. పేరయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు చాలలేదన్నాడు.

బొప్పనకు ఒళ్ళు మండింది. “చేసిపెడుతుంటే వంకలు కూడానా?”

“మేం వండుకోలేకనా అయ్యా? గరిటె తమరు లాక్కున్నారు.”

పొద్దుటినుంచీ ముసిముసిగా నవ్వుతున్న పేరయ్య మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. ఒక పూట గరిటె పోయినందుకే ఈ చూపు! నాగలి పోయిన రైతూ, కత్తి పోయిన మంగలీ వేములకోట నిండా ఇలాగే చూస్తూ పడుకుంటే, ఎన్నాళ్ళు పడుకుంటారు? బొప్పనకు చిన్న తమ్ముడి లేత మీసాలు గుర్తొచ్చాయి.

గబగబా తాటాకు తీసి మొదటి షరతు కొట్టేయబోయాడు. చేతిలో ఏమీ లేదు.

“స్వామీ, గంటం ఒకసారి ఇప్పిస్తారా?”

ఆచార్యులవారు కళ్ళు మూసుకునే అన్నారు:

“నా దగ్గరేముంది నాయనా? అన్నీ నీ దగ్గరే ఉన్నాయి.”