చెంగావిపేట ఏటి నీళ్లు

అనగనగా, ఏరు సముద్రం చెవిలో ఊసులాడే చోట, చెంగావిపేట అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో అందరూ బట్టలకు రంగులద్దేవాళ్లే. వాళ్లద్దిన ఎరుపును చూసి సాయంకాలపు ఆకాశం కూడా కాస్త సిగ్గుపడేదట.

ఆ ఎరుపంతా చిరివేరులోంచి వచ్చేది. ఇసుకలో మూడేళ్లు పెరిగితే గాని ఆ వేరుకు రంగు పట్టదు. తవ్విన వేరంతా ఒక్కసారే బానల్లో వేసి, ఏటి నీళ్లు పోసి కాచేవారు. నీళ్లు తియ్యగా ఉంటే చక్కని ఎరుపు. ఉప్పు తగిలిందా, మూడేళ్ల కష్టమూ బురద రంగే!

అందుకని బానలు నింపేముందు, మూడు రోజులు పొద్దున్నే అయిదుగురు నీళ్లు రుచి చూసేవారు. దోసిట పట్టి అందరూ ఒక్కసారే తాగాలి. పెద్దాయన పలికేదాకా ఎవరి ముఖమూ కదలకూడదు. తరువాత వయసు వరసన ఒక్కొక్కరే చెప్పాలి. అదీ ఆచారం.

ఒక ఏడు వానలు తక్కువై ఏరు సన్నబడింది. ఏరు సన్నబడితే సముద్రపు నీళ్లు ఎదురెక్కి వస్తాయి. ఆ ఏడే యువరాణి పెళ్లికి నూరు ఎర్రచీరలు కావాలని రాజుగారి కబురొచ్చింది. వేరు పాడైతే చీరలూ లేవు, మళ్లీ మూడేళ్లు తిండీ లేదు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకోవలసిందే.

రుచి చూసేవాళ్లలో పెద్ద తిరువెంగళప్ప. అందరికన్నా చిన్నది వకుళ. తల్లి పోయాక ఆ ఏడే తల్లి చోటులో కూర్చుంది. తనద్దిన ఎరుపు పెళ్లిపందిట్లో మెరుస్తుందని ఎన్ని కలలు కన్నదో!

మొదటి పొద్దున అందరూ తాగారు. వకుళ నాలుక మీద ఉప్పు చురుక్కుమంది.

"తియ్యన" అన్నాడు తిరువెంగళప్ప.

"తియ్యన" అన్నాడు నూకయ్య. "తియ్యన" అన్నాడు సోమన్న. "తియ్యన" అన్నాడు ఎల్లమంద.

'ఇంతమంది పెద్దలు తప్పు చెబుతారా? నా నాలుకే పాడైందేమో' అనుకుంది వకుళ. "తియ్యన" అంది.

రెండో పొద్దున ఉప్పు ఇంకా ఎక్కువగా తగిలింది. నలుగురూ మళ్లీ "తియ్యన" అన్నారు. వకుళ వంతు వచ్చింది.

"అదీ... కొంచెం..." అని నసిగింది.

"ఏమే పిల్లా, పొద్దున్నే ఎండుచేప తిని వచ్చావా?" అన్నాడు నూకయ్య. ఒడ్డున నిలబడ్డవాళ్లు ఫక్కున నవ్వారు. వకుళ చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని "తియ్యనే మామా" అంది.

ఆ సాయంత్రం ఆమె దూడకు ఏటి నీళ్లు పెట్టింది. దూడ ఒక్క గుక్క తాగి, తల విదిలించి, వెనక్కి తిరిగింది. బుజ్జగించినా మూతి పెట్టలేదు. వకుళ దాని మెడ నిమురుతూ చాలాసేపు కూర్చుంది. దూడ ఎవరేమన్నారో అడగలేదు. నీళ్లు ఎలా ఉన్నాయో అదే చూసుకుంది.

మూడో పొద్దున ఊరంతా ఒడ్డుకు వచ్చింది. బానలు సిద్ధం. వేరు సిద్ధం. ఇక చెప్పేది ఒక్క మాటే.

"తియ్యన." "తియ్యన." "తియ్యన." "తియ్యన."

వకుళ తల పైకెత్తింది. "ఉప్పన" అంది.

ఒడ్డున ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు.

"ఓహో! మా నలుగురి నాలుకలూ తప్పు, నీదొక్కటే ఒప్పా?" అన్నాడు నూకయ్య.

"తప్పో ఒప్పో నాకు తెలీదు మామా. నా నోట్లో మాత్రం ఉప్పే ఉంది. లేదని ఎలా చెప్పను?"

పక్కనున్న ఎల్లమంద మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఉప్పే తగిలింది. మొదటి రోజు నుంచీ."

"నాకూనూ!" అన్నాడు సోమన్న.

నూకయ్య బుర్ర గోక్కున్నాడు. "నాకు మాత్రం తగల్లేదా? నోరు పాడైందనుకుని నిన్న మూడుసార్లు పసుపు నీళ్లతో పుక్కిలించాను!"

అందరూ తిరువెంగళప్ప వైపు తిరిగారు. ముసలాయన కళ్లు చెమర్చాయి.

"ఏడేళ్ల కిందట జ్వరమొచ్చి నా నాలుక రుచి మరిచిపోయింది నాయనా. చెబితే పెద్దరికం పోతుందని దాచాను. మీ ముఖాలే చూసేవాణ్ణి. ఎవరూ చిట్లించకపోతే తియ్యన అనేవాణ్ణి."

వాళ్లు ఆయన మాట పట్టుకున్నారు. ఆయన వాళ్ల ముఖాలు పట్టుకున్నాడు. నీళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు!

వకుళ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "పోనీలే తాతా. వేరును ఒక్కసారి ముట్టుకుని రంగు చెప్పడం నీకు తప్ప మాకెవరికొచ్చు? రా, పైకి వెళ్లి చూద్దాం."

ఎగువన రెండు కోసుల దూరంలో, సముద్రం చొరని చోట, నీళ్లు కొబ్బరినీళ్లలా ఉన్నాయి. ఊరంతా కడవలెత్తింది. ఆడా మగా, పిల్లా పెద్దా వరస కట్టి చేతులు మార్చుకుంటూ మోశారు. బానల్లో వేరు మరిగి మరిగి మంకెనపూవంత ఎరుపు పొంగింది. నూరు చీరలూ పెళ్లివేళకు రాజుగారి వాకిట చేరాయి.

ఆ తరువాతి వేరు పంట నుంచి చెంగావిపేటలో ఆచారం మారింది. రుచి చూశాక ముందు చిన్నవాళ్లు చెప్పాలి, పెద్దవాళ్లు తరువాత. అలా మార్చమని అడిగినవాడు తిరువెంగళప్పే.

పిల్లలూ, పదిమందీ ఒక మాట అంటున్నప్పుడు మనకు తెలిసిన నిజం చెప్పాలంటే భయం వేస్తుంది. కానీ ఒక్కరు ధైర్యంగా నోరు విప్పితే, అదే నిజాన్ని మనసులో దాచుకున్నవాళ్లందరికీ గొంతు వస్తుంది.