ఏసుపాదం మాస్టారికి సన్మానం

“వాయించేవాడికి కోపం ఉండొచ్చా మాస్టారూ?” అని వరహాలు అడిగాడు.

వరహాలు ఏసుపాదం మాస్టారి శిష్యుడు. ముప్ఫై దాటినవాడు. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో సాక్సఫోన్ వాయించి పెళ్లాం పిల్లల్ని పోషించుకుంటున్నాడు. ముందురోజు సాయంత్రం ఎవరో కేకు కోస్తున్నారని, పాట నడుస్తుండగానే మేనేజరు వచ్చి మైకు కట్టేయించాడు. వరహాలు ఊరుకోలేక నోరు చేసుకున్నాడు. తోటివాళ్లంతా మేనేజర్ని ఒక్క మాట అనకుండా, “కళాకారుడికి శాంతం ముఖ్యమోయ్” అని ఇతనికే బుద్ధి చెప్పారు. శాంతం ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే చెబుతారు, కొట్టినవాడికి చెప్పగా నేనింతవరకు వినలేదు. ఆ మాటలు విని విని తల వాచిపోయి మాస్టారి దగ్గరికి వచ్చాడు.

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం మాస్టారి పద్ధతి కాదు. సాక్సఫోన్ మూతికి బిగించే సన్నటి పలకని రీడు అంటారు, అది ఎండిపోతే పలకదు. శిష్యుడు ఏదైనా అడగ్గానే ఆయన ఒక రీడు తీసి నానబెట్టుకోవడానికి నోట్లో పెట్టుకునేవారు. నోట్లో రీడున్న మనిషి ఎలా మాట్లాడతాడు? ఆ రోజూ అదే చేశారు. చాలాసేపటికి దాన్ని బయటికి తీసి, “రేపు నాకేదో సన్మానమటరా. పెట్టెలు పట్టుకుని రా” అన్నారు.

ఆయనెవరో తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. తండ్రి వాల్తేరు లోకోషెడ్డులో బొగ్గు ఎత్తేవాడు. మాస్టారు పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ పట్టి, రైల్వే వాళ్ల క్లబ్బులో ఒక గోవా బ్యాండుమాస్టరు దగ్గర సాక్సఫోన్ నేర్చి, మీసాలు సరిగ్గా రాకముందే కలకత్తా హోటళ్లలో జాజ్ వాయించారు. ఏసుపాదం అనే పేరుకి దొరలు డాన్సు చెయ్యరని గుమ్మం ముందు బోర్డు మీద డానీ అని రాశారు. ఆ గుమ్మంలోంచి మాత్రం రానివ్వలేదు, డానీగారు వంటింటి వైపు నుంచే రావాలి. తర్వాత మద్రాసు. రెండు వాయిద్యాలు తెలిసినవాణ్ణి ముందు పిలుస్తారని అక్కడ ఫ్లూటు కూడా పట్టారు. మన అమ్మలు చిన్నప్పుడు రేడియోలో విని మురిసిపోయిన పాటల్లో ఎన్నిటిలోనో ఆయన ఊపిరుంది. ఒక్క రికార్డు మీదా ఆయన పేరు లేదు. భార్యకి జబ్బు చేస్తే విశాఖ తిరిగొచ్చేసి, రేకుల ఇంట్లో నలుగురికి పాఠం చెప్పుకుంటూ బతికారు. ఊళ్లో కళాసమితి ఉంది, దానికో కార్యదర్శి ఉన్నాడు. డెబ్భై ఎనిమిదో ఏట గానీ వాళ్లకి ఈయన కనపడలేదు.

సన్మానానికి ఆయన ఒప్పుకున్నది శాలువా మీద మోజుతో కాదు, బెంజిమన్ గారి కోసం. మనిషంత ఎత్తుండే బేస్ అనే తీగల వాయిద్యం వాయించేవారాయన, క్లబ్బు రోజుల నుంచీ మాస్టారికి జోడీ. మద్రాసులో ఉండగా ఇద్దరూ కలిసి ఫ్లూటుకీ బేస్‌కీ ఒక పాట కట్టారు. డాన్సుకి పనికిరాదని ఏ క్లబ్బులోనూ దాన్ని సాగనివ్వలేదు. ఇప్పుడు బెంజిమన్ గారికి ఊపిరితిత్తులు పోయాయి. చక్రాల కుర్చీ, పక్కన ఆక్సిజన్ సిలిండరు. “ఇంటికొచ్చి వాయిస్తాను” అంటే ఒప్పుకోలేదు. “గదిలో వందసార్లు విన్నాన్రా పాదం. జనం వింటూ ఉండగా ఒక్కసారి వినాలి” అన్నారు.

అందుకని ఆయన కూతురు సలోమి కార్యదర్శిని ముందే కలిసి చెప్పింది. “సార్, నాన్నగారి సిలిండరు ఎక్కువసేపు రాదు. రెండోది ఇంటి దగ్గరుంది. పాట ముందు పెట్టించండి, మాటలు తర్వాత మాట్లాడుకోండి.” “అయ్యో, దానికేముందమ్మా! మొదటి ఐటమే మాస్టారిది” అన్నాడు ఆ మహానుభావుడు.

మొదటి ఐటం జ్యోతి ప్రజ్వలన. ముఖ్య అతిథి రాలేదని దానికే ఎదురుచూపు. ఆయన వచ్చాక ప్రార్థన, వేదిక మీదికి పిలుపులు, పుష్పగుచ్ఛాలు. ఎవరి గుచ్ఛానికి ఎవరు ఫొటో దిగాలో అక్కడో చిన్న తగవు. నేను మూడో వరసలో కూర్చుని పళ్లు నూరుతున్నాను. మాస్టారిని సింహాసనం లాంటి కుర్చీలో కూలేసి, మెడలో గజమాల వేసి, ఆ ఉక్కపోతలో శాలువా కప్పారు. ఒకాయన లేచి ఈయన్ని సన్నాయి విద్వాంసుడన్నాడు. ఇంకొకాయన పుట్టిన ఊరు తప్పు చెప్పి, ఆ ఊరి మట్టికి దణ్ణం పెట్టాడు. చచ్చినవాణ్ణి కూడా ఇంత తప్పుగా పొగడరు!

సలోమి లేచి సిలిండరు ముల్లు వైపు చూపించింది. కార్యదర్శి చిరునవ్వుతో ఒక వేలు పైకెత్తాడు, ఒక్క నిమిషమని. అప్పుడు ముఖ్య అతిథి మైకు అందుకుని, “సమయం తక్కువగా ఉంది కాబట్టి రెండే రెండు మాటలు” అన్నాడు. ఈ మాటతో మొదలైన ఉపన్యాసం భోజనాల లోపు ముగిసినట్టు చరిత్రలో లేదు. తన బాల్యం, తన తండ్రిగారి క్రమశిక్షణ, తను కట్టించిన పార్కు, అన్నీ వచ్చాయి. సలోమి మళ్లీ లేచింది, మళ్లీ అదే వేలు. మాస్టారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో లేవకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మనిషి. కాసేపటికి సలోమి ఇక లాభం లేదనుకుని కుర్చీని గుమ్మం వైపు తిప్పింది. బెంజిమన్ గారు మెడ వెనక్కి తిప్పి వేదికకేసి చూస్తూనే ఉన్నారు.

అది మాస్టారి కంట పడింది. గజమాల తీసి పక్కన పడేశారు. “వరహాలూ, పెద్దది తియ్యి” అన్నారు.

జాజ్ వాళ్లకి ఒక కట్టుబాటుంది. పాట అందరిదీ, అందులో ఒక్కొక్కరికి ఒక్కో వంతు. తన వంతు అయ్యాక పక్కవాడికి వదలాలి. వదలకుండా సాగదీస్తే మిగిలినవాళ్లు వెనక నుంచి ఒక పొట్టి ముక్క అందుకుని, అదే మళ్లీ మళ్లీ వాయించి, ఆ మనిషిని పక్కకి నెట్టేస్తారు. మాస్టారు సాక్సఫోన్ మెడకి తగిలించుకుని, ముఖ్య అతిథి వెనకాల నిలబడి ఆ పని మొదలుపెట్టారు.

“మన సంస్కృతి...” అన్నాడాయన. భోం భోం భోం! తనకి స్వాగతమనుకుని ఆయన నవ్వాడు, జనం చప్పట్లు కొట్టారు. “ఈ వేదిక నుంచి నేను...” మళ్లీ అవే మూడు స్వరాలు, ఇంకా గట్టిగా. మూడోసారికి ఆయన నవ్వు ఎగిరిపోయింది. నాలుగోసారికి మైకులో ఆయన మాట వినపడనే లేదు. కలకత్తా వంటిళ్లూ, పేరు లేని రికార్డులూ, ఆ పైకెత్తిన వేలూ అన్నీ కలిపి ఊదుతున్నారాయన. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది. నాకు లేచి ఈల వేయాలనిపించింది, వేశాను కూడా.

కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. “మాస్టారూ! సార్ మాట్లాడుతున్నారండీ!”

మాస్టారు సాక్సఫోన్ నోట్లోంచి తీసి, “ఆయన వంతు అయిపోయింది” అన్నారు.

ముఖ్య అతిథి మైకు వదిలేసి తన కుర్చీలో కూలబడ్డాడు. మాస్టారు ఫ్లూటు అందుకున్నారు. మైకు అవసరం లేకపోయింది. నడవ మధ్యలో బెంజిమన్ గారు చెయ్యి ఎత్తితే సలోమి కుర్చీ ఆపింది. జనమంతా వింటున్నారు, కాళ్ల చప్పుడు కూడా లేదు. నాలుగొందల మంది ముందు ఆ పాట పలకడం అదే మొదటిసారి. బెంజిమన్ గారి వేళ్లు కుర్చీ చేతి మీద లేని బేస్ తీగల్ని మీటుతున్నాయి. ఆ ముసలాయన మొహం చూసి నా పక్కనున్నాయన కళ్లు తుడుచుకున్నాడు. పాట సగంలో ఉండగా సిలిండరు ముల్లు అడుక్కి వచ్చింది. “నాన్నా, ఇంక లేదు నాన్నా” అని ఏడుస్తూ సలోమి కుర్చీని గబగబా బయటికి తోసుకుపోయింది.

ఫ్లూటు అక్కడే ఆగిపోయింది. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు! కార్యదర్శి మైకు దొరకబుచ్చుకుని, “సమయాభావాన్ని గుర్తించి క్లుప్తంగా ముగించిన మాస్టారు గారికి ధన్యవాదాలు” అన్నాడు. వాడి నోట్లో మట్టి కొట్టాలనిపించింది నాకు.

ఆటోలో ఆక్సిజన్ అందక, బెంజిమన్ గారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆ నెల తిరక్కుండానే ఆయన పోయారు. సమాధుల తోట నుంచి తిరిగొస్తుంటే వరహాలు ఉండబట్టలేక అడిగాడు. “సభలో మీరు అలా చేశారని ఊరంతా ఇంకా చెవులు కొరుక్కుంటోంది మాస్టారూ. అంత కోపం తప్పు కాదంటారా?”

ఈసారి మాస్టారు రీడు కోసం జేబు తడుముకోలేదు.

“తప్పేరా. పావుగంట ఆలస్యంగా వచ్చింది” అన్నారు.