దస్తగిరి పచ్చిక

ఉరుసు ఉత్సవానికి పన్నెండు రోజులుందనగా దస్తగిరి గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హజ్రత్, ఈసారి జనాన్ని పచ్చిక మీద కూర్చోబెట్టొద్దు. సిమెంటు వాకిట్లో షామియానా వేయిద్దాం."

"ఎందుకప్పా?"

"తొక్కి తొక్కి గడ్డిని చంపేస్తాండారు హజ్రత్. చూడండి, ఎట్లా తెల్లబారిపోయిందో."

తెల్లబారిన మాట నిజమే. కడప శివార్లలోని ఆ ఖాన్కా అనే సూఫీ మఠంలో, గురువుగారి గది ముందున్న పచ్చిక దస్తగిరి ఎనిమిదేళ్ల కష్టం. రాళ్లు ఏరి, మట్టి తోలి, ఒక్కొక్క గరిక దుబ్బూ తానే నాటాడు. వచ్చినవాళ్లు "దస్తగిరి పచ్చిక" అంటుంటే, పైకి "అంతా హజ్రత్ దయ" అనేవాడు గానీ, ఆ మాట విన్న రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

రంజాన్ అయ్యాక ఒక శిష్యుడు గడ్డి కోసే పెట్రోలు మిషన్ తెచ్చిచ్చాడు. పాతది చేత్తో తోసేది. దాని బ్లేళ్లు దొర్లుతూ, కింది ఇనప పట్టీకి ఆనుకుని, కత్తెరలా కోసేవి. పచ్చికంతా కోసేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. కొత్తదానికి అడుగున ఒకటే బ్లేడు. గిర్రున తిరుగుతూ ఎదురొచ్చిన గడ్డినల్లా కొట్టి పారేస్తుంది. అరగంటలో పని ఖతం.

దస్తగిరి పాతదాన్ని కొట్టంలోకి తోసేశాడు. కొత్తదాన్ని రోజూ గుడ్డతో తుడిచి మెరిపించాడు, వచ్చినవాళ్లందరికీ నడిపి చూపించాడు. దాని బ్లేడుకు సాన పట్టించాలన్న ఊసు మాత్రం తలపుకే రాలేదు.

రెండు నెలలకు పచ్చిక బూడిద రంగుకు తిరిగింది. ముందు ఎండను తిట్టాడు. తర్వాత బోరు నీళ్లను తిట్టాడు. ఆఖరికి పాపం జనం దొరికారు. చుట్టూ తాడు కట్టి, పిల్లలు అటు అడుగేస్తే కర్ర పట్టుకుని ఉరికేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వరస. కానీ ఆ మాట దస్తగిరికి చెప్పే ధైర్యం ఎవరికుంది?

సాయంత్రం అసర్ నమాజు వేళ అయింది. గురువుగారు లేచి, తాడు దాటి, పచ్చిక మధ్యకు నడిచారు.

"ఈ పూట నమాజు ఇక్కడే చదువుదాం. రా."

ఆ పాదాల కింద నలిగే గడ్డిని చూసి దస్తగిరి ఆగలేకపోయాడు.

"చాప తెస్తా హజ్రత్."

"వద్దులే."

ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. సజ్దాకు వంగి నుదురు ఆనించగానే దస్తగిరికి గరుగ్గా గుచ్చుకుంది. ఎనిమిదేళ్లలో అతని ముఖం ఆ గడ్డికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ప్రతి పోచ కొసా కోసినట్టు కాక చింపినట్టు చీలి, పీచుపీచుగా వేలాడుతోంది, నమిలి ఊసిన వేపపుల్లలాగా. ఆ పీచే ఎండి తెల్లబడింది. మొదళ్లు పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి. కాళ్లు తొక్కితే నలగాల్సినవి ఆ మొదళ్లే కదా!

గురువుగారి సజ్దా ఆ రోజు ఎంతకూ ముగియలేదు.

సలాం చెప్పి నమాజు ముగించాక కూడా దస్తగిరి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"మరి సిమెంటు వాకిట్లో వేయిద్దామా షామియానా?" అడిగారు గురువుగారు.

"వద్దు హజ్రత్. జనం ఇక్కడే కూర్చోనీండి. కొట్టంలోని మిషన్‌కు నూనె పెట్టుకుంటా. తెల్లారి నుంచి దాంతోనే కోస్తా. ఉరుసు నాటికి మళ్లా పచ్చబడతాదా హజ్రత్?"

గురువుగారు ఒక పోచను వేలితో నిమిరారు. అతని భుజం ఆసరాగా పట్టుకుని లేచారు.

"గడ్డిదేముందప్పా, రెండు కోతలకు సర్దుకుంటాది. నీకు ఎన్ని పడతాయో, అదే తెలీడంలేదు."